శవాసనం కోసం వస్త

ధర్మాబాదు మోండాల పదకొండో నంబరు గోదాం.
ఆరు గొట్టక ముందే తాళం తీసి ఊడుస్త.
ఎంత ఊడ్చినా మిర్పకాయ గోడలల్ల ఉంటది,
రేకులల్ల ఉంటది,
దేవుని పటం మీది దండల ఉంటది.
ఆడ్నే చటాయిలు పరిచి
వైజనాథ్ సారు ఊపిరి నేర్పిస్తడు.

"లోపలికి పీల్చుండ్రి" అంటడు.
ఇరువై మందిమి ఒక్కసారే తుమ్ముతం.
సారు గుడ తుమ్ముతడు, తుమ్మి గడియారం చూస్తడు.
ముప్పై ఏండ్లు రైల్వే గేటు ఏసి తీసిన మనిషి,
ఊపిరికి గుడ టైంటేబుల్ ఉందంటడు.
మోక్షం అనే మాట ఆయన ఒక్కడే అంటడు.
మిగిలినోల్లం తలా ఒక పని మీద వచ్చినం.

మారోతికి పోలీసు భర్తీ ఉంది.
ఛాతీ అయిదు సెంటీమీటర్లు ఉబ్బాలె,
నాలుగు కాడ ఆగింది.
ఓంకారం అన్నప్పుడల్లా టేపు యాదికొస్తదట.
అడత్ షాపుకారు కోడలు సువర్ణ
బరువు తగ్గుటందుకు అంటది.
ఎవరూ అడుగకున్నా రెండుసార్లు అంటది,
అందుకే బరువు కోసం కాదని మాకెరుక.
బీడీల పోశానికి దగ్గు.
హమాలి లింగన్నకు నడుము.

నేనేమో చివరి పది నిమిషాల కోసం.
దినమంత తొడిమెలు తీసే చేతులు నావి,
కిలోకింత అని లెక్క.
ఆడమనిషి కాళ్ళు చాపి వెల్లకిల పండుకుంటే
జ్వరమా అంటరు, లేకుంటే పనిలేదా అంటరు.
ఈడ దానికి సంస్కృతంల పేరుంది.
పేరుంటే ఎవరూ అడుగరు.

భజన మండలి సుదాంరావు వాకిట్లకెళ్ళి పోతూ నవ్వుతడు:
"ముక్కు మూసుకుంటే విఠోబా చిక్కుతడా?
నోరు తెరువుండ్రి!"
"నోరు మూస్తెనే ఆయన మాట ఇనవడ్తది" అంటడు సారు.
రోజూ ఇదే తగువు.
రోజూ ఇద్దరూ గేటు కాడి బండి మీద
ఒకటే చాయ సగం సగం తాగుతరు.

ఆషాఢం దగ్గరికొస్తే లింగన్న చటాయి ఖాళీ.
తులసిమాల ఏసుకొని దిండీ ఎంట పండరికి నడుస్తడు.
మొదటేడు ఎందుకు పోయినవే అంటే దాచకుండ చెప్పిండు:
మిత్తికిచ్చినోడు ఇంటి ముందర కూసున్నడు.
దిండీల కలిస్తే తొవ్వ పొడుగూత బువ్వ దొరుకుతది,
పేరడిగేటోడు ఉండడు, అందరూ మావులే.
రెండో ఏడు ఆ బువ్వకే అలవాటువడి పోయిండు.
మూడో ఏడు
ఎవరో ముసలామె, తల్లి కన్న పెద్దది,
ఒంగి ఈని కాళ్ళు మొక్కిందట.
ఆడ అందరూ అందరికీ మొక్కుతరు.
"క్వింటాలు మోసిన నడుము, వదినె,
ఆ చేతికి ఆగలె. రోడ్డు మీదనే కూలవడ్డ."
"దేనికి?" అన్న.
"బాకీ యాదికొచ్చింది."
"మిత్తోనిదా?"
"తెల్వది."

మొన్న మాఘంల, సరుకు ముమ్మరంగ వచ్చే దినాలు,
సారు "మెల్లగ లేవుండ్రి" అన్నప్పుడు
నేను లేవలె.
నిద్ర గుడ పోలె.
చటాయిలు చుట్టుడు ఇనవడ్డది,
మారోతి ఉరుకుడు, పోశాని దగ్గు, సువర్ణ గాజులు.
కండ్ల పొంట నీళ్ళు చెవులల్లకు కారుతున్నయి.
మిర్పకాయ గోదాంల ఏడిస్తే ఒక సుకం:
ఎందుకని ఎవరూ అడుగరు.
ఎందుకని నేను గుడ అడుగలె.

లారీ వచ్చింది.
హమాలీల అడుగులు నా తలకాయ పక్కకెళ్ళి పోతున్నయి.
ఒక్కడూ అరువలె.
కండ్లు తెరిస్తే
నా సుట్టు మూడు దిక్కుల సంచులు నిలవెట్టిండ్రు,
నాలుగో దిక్కు తొవ్వ ఇడిచిండ్రు.
లింగన్న కాంటా కాడ ఒంగి
తూకం రాళ్ళు గోనెపట్ట మీద
సప్పుడు కాకుండ దించుతున్నడు.

లేచి కొంగు దులిపిన.
రెండుసార్లు తుమ్మి
తొడిమెల కుప్ప ముందర కూసున్న.
ఆ దినం నాలుగు కిలోలు తక్కువ తీసిన.
షాపుకారు రాసుకున్నడు.